మధుర రసము – వానర పరిణామము

తెలుగులోని 'చక్కెర' అనే మాటకూ, ఉర్దూలోని 'షకర్' అనే మాటకూ మూలం ఒక్కటే. సంస్కృతంలో 'శర్కర' అనగా మొదట గులకరాయి, ఇసుక పలుకు అని అర్థం. చెరకు రసాన్ని కాచి పలుకులుగా దింపే విద్య భారతదేశంలో పుట్టినది. ఆ పలుకులకు మన పూర్వులు ఇసుక పేరే పెట్టారు. ఆ పదం ప్రాకృతం మీదుగా తెలుగులో చక్కెర అయినది. పారశీకంలో షకర్‌గా, అరబ్బీలో సుక్కర్‌గా మారి, అరబ్బుల వర్తకం వెంట ఐరోపా భాషలకు కూడా చేరినది. ఉగాది పచ్చడిలోని బెల్లం, రంజాన్ పండుగ నాటి షీర్ ఖుర్మా, ఉపవాస విరమణ వేళ నోట వేసుకొనే ఖర్జూరం – వీటిని గురించి ఎవరికీ పరిచయ వాక్యాలు అక్కరలేదు. షడ్రుచులను లెక్కించిన ఆయుర్వేద గ్రంథాలు కూడా మధుర రసంతోనే లెక్క మొదలు పెట్టినవి.

ఇంతగా అలవాటైన రుచి కనుక, తీపి పంచదారలోనే ఉన్నదని మనం అనుకుంటాం. తెలుపు ఎట్లా దాని గుణమో తీపి కూడా అట్లే దాని గుణమని భావిస్తాం. మేము ఇక్కడ చెప్పదలచినది వేరు. తీపి పదార్థంలో లేదు. పదార్థానికీ, దానిని తినే ప్రాణి నాలుకకూ నడుమ కోట్ల సంవత్సరాల కిందట కుదిరిన ఒక ఒప్పందంలో ఉన్నది. ఆ ఒప్పందం అన్ని ప్రాణులకూ ఒకటి కాదు. కోతులలోనే అది పలు విధాలుగా మారినది. మానవుని వంతుకు వచ్చిన భాగం ఏదో తెలిస్తే, నేడు మన ఇండ్లలో మధుమేహం ఇంతగా ఎందుకు పెరిగినదో కూడా కొంతవరకు తెలుస్తుంది.

ముందుగా నాలుక సంగతి. నాలుక కొన తీపికి, పక్కలు పులుపుకు, వెనుక భాగం చేదుకు అని చూపే పటం ఒకటి పాఠ్యపుస్తకాలలో చాలాకాలం ఉండినది. 1901లో హేనిగ్ అనే జర్మన్ పరిశోధకుడు ప్రకటించిన చిన్న చిన్న తేడాలను తరువాతివారు పెద్దవి చేసి చెప్పగా ఏర్పడిన పొరపాటు అది. రుచి గుళికలు ఉన్న ప్రతి చోటా అన్ని రుచులూ తెలుస్తాయి. ఆ పటాన్ని ఇప్పటికీ వల్లెవేస్తున్న విద్యార్థులు మరచిపోవడమే మేలు.

ఒక్కొక్క రుచి గుళికలో సుమారు 50 నుండి 100 కణాలు ఉంటాయి. అవి నశించి కొత్తవి పుట్టడం నిరంతరం జరుగుతూనే ఉంటుంది. తీపిని గ్రహించే కణాల పైపొరలో రెండు మాంసకృత్తులు జంటగా నిలిచి ఉంటాయి. వాటికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేర్లు టి1ఆర్2, టి1ఆర్3. మానవునిలో మొదటిది 839 అమైనో ఆమ్లాల గొలుసు, రెండవది 852 అమైనో ఆమ్లాల గొలుసు. 2001 ప్రాంతంలో పలు ప్రయోగశాలలు దాదాపు ఒకేసారి ఈ జంట గుట్టును విప్పినవి. ఈ మాంసకృత్తులలో కణం వెలుపలికి పొడుచుకొని వచ్చిన భాగం రెండు రెప్పల బోను వలె ఉంటుంది. ఈగలను పట్టి తినే వీనస్ ఫ్లైట్రాప్ మొక్క ఆకు పేరునే దానికి పెట్టారు. చక్కెర అణువు బోనులో పడగానే రెప్పలు దగ్గరకు వస్తాయి. ఆ కదలిక కణం లోపలికి వార్తగా చేరి, అక్కడ నుండి నాడి ద్వారా మెదడుకు పోతుంది. ఇదే టి1ఆర్3, టి1ఆర్1 అనే మరొక తోడుతో జత కడితే మాంసరసంలో తెలిసే 'ఉమామి' రుచిని పట్టుతుంది. అనగా తీపికీ మాంసరస రుచికీ ఒక భాగస్వామి ఉమ్మడి.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. చేదును పట్టడానికి మానవునికి సుమారు 25 రకాల గ్రాహకాలు ఉన్నవి. తీపికి ప్రధానంగా ఉన్నది ఈ ఒక్క జంటయే. పైగా చేదు అణువులు అత్యల్పంగా ఉన్నా నాలుక ఉలిక్కిపడుతుంది. చక్కెర అయితే లీటరు నీటిలో సుమారు మూడు గ్రాములైనా లేనిదే మనకు తెలియదు. ఈ మొద్దుతనం లోపం కాదు. చేదు తరచుగా విషానికి గుర్తు. విషం రవంత ఉన్నా తెలియాలి. తీపి ఆహారశక్తికి గుర్తు. రవంత చక్కెర వలన ప్రాణికి ఒరిగేది ఏమీ లేదు. తినదగినంత ఉన్నప్పుడే నాలుక పలికితే చాలును. నాలుక ఎంత పొదుపరియో దీనిని బట్టి తెలుస్తుంది.

ఆ పొదుపు హద్దు మీరినప్పుడు ఏమగునో చూడదలచినవారు పిల్లిని చూడవచ్చును. పిల్లికి తీపి తెలియదు. 2005లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఉన్న మోనెల్ సంస్థ పరిశోధకులు, పిల్లిలో టి1ఆర్2 జన్యువు చెడిపోయి పనికిరాకుండా పడి ఉన్నదని చూపారు. పెద్దపులిలోనూ, చిరుతలలో వేగంగా పరుగెత్తే చీతాలోనూ అంతే. మాంసమే ఆహారంగా బ్రతికే వంశంలో తీపి గ్రాహకం చెడినా ప్రాణికి నష్టం కలుగలేదు. నష్టం లేనప్పుడు ప్రకృతి దానిని బాగుచేయించదు. పిల్లి పాలగిన్నె చుట్టూ తిరిగేది కొవ్వు కోసం, మాంసకృత్తుల కోసం. పాయసంలోని తీపి దాని దృష్టిలో లేనట్లే.

వానర వంశం నడచిన దారి దీనికి పూర్తిగా భిన్నమైనది. రాక్షసబల్లులు అంతరించిన 6.6 కోట్ల సంవత్సరాల నాటి నుండి పూలమొక్కల అడవులు విస్తరించగా, ప్రైమేట్లు ఆ చెట్లమీదనే పెరిగినవి. చెట్టుకు గింజలను మోసుకుపోయే వాహకులు కావాలి. ప్రైమేట్లకు శక్తి కావాలి. పండిన పండులోని చక్కెర ఆ మోతకు ఇచ్చే కూలి. పండు పక్వానికి రాకముందు చేదుగా, వగరుగా ఉండి గింజను కాపాడుకొనును. గింజ ముదిరిన తరువాతనే రంగు మార్చుకొని తీయబడును. ఆ రంగు మార్పును ఆకుల నడుమ పోల్చుకొనే చూపు పలు కోతులకు ఉన్నది. ఇంకొక సాక్ష్యం కూడా ఉన్నది. కోతులు, తోకలేని వానరాలు, మానవులు, టార్సియర్లు తమ శరీరంలో సి విటమిన్‌ను తయారు చేసుకోలేవు. ఆ పని చేసే జన్యువు మన పూర్వికులలో ఎప్పుడో పాడైపోయినది. ఆహారంలోనే సి విటమిన్ పుష్కలంగా దొరికినందువలన ఆ నష్టం వారిని బాధించలేదని చెప్పవచ్చును. పిల్లికి తీపి పోయినట్లే మనకు ఇది పోయినది.

ప్రైమేట్లు అన్నీ ఒకే విధంగా పండును తినవు. ఇందుకు దూరదేశాలకు పోనక్కరలేదు. నల్లమల అడవులలో రాత్రిపూట తిరిగే దేవాంగపిల్లి పేరుకు పిల్లియే గాని, నిజానికి ప్రైమేటు. పెద్ద కళ్ళతో కొమ్మల మీద మెల్లగా పాకుతూ ఎక్కువగా పురుగులను పట్టి తింటుంది. మన ఊళ్ళలోని మామూలు కోతికి పండ్లంటే ప్రీతి. దొరికినదానిని బుగ్గ సంచులలో కుక్కుకొని తీరికగా నములుతుంది. కొండముచ్చుది మూడవ దారి. దాని కడుపు పశువుల కడుపు వలె గదులు గదులుగా ఉంటుంది. అందులోని సూక్ష్మజీవులు ఆకులను పులియబెట్టి అరిగిస్తాయి. అటువంటి కడుపులో పండిన తీపి పండ్లు పెద్దమొత్తంలో పడితే అవి త్వరగా పులిసి, ఆమ్లం పెరిగి, హాని చేస్తాయి. అందువలన ఆ కుటుంబపు వానరాలు అడవిలో ఆకులు, గింజలు, పచ్చికాయల వైపే మొగ్గు చూపుతాయి. గుడి మెట్ల మీద భక్తుడిచ్చిన అరటిపండును కొండముచ్చు కాదనదు. అది దాని కడుపుకు తగిన ఆహారమా అన్నది వేరే ప్రశ్న. పుణ్యం పేరిట లడ్డూలు పంచేవారు ఆ ప్రశ్న వేసుకొనడం లేదని మా అభిప్రాయం.

కోతిని 'ఇది నీకు తీపిగా ఉన్నదా?' అని అడగడం ఎట్లా? పద్ధతి సులభమే. ఒక సీసాలో మంచినీరు, మరొక సీసాలో పరీక్షించవలసిన పదార్థం కలిపిన నీరు ఉంచి, దేనిని ఎక్కువ త్రాగునో కొలుస్తారు. ఇంకొక పద్ధతిలో నాలుక నుండి మెదడుకు పోయే నాడిలోని విద్యుత్ స్పందనలను నమోదు చేస్తారు. స్వీడన్‌లోని మథియాస్ లాస్కా ఈ సీసాల పద్ధతితోనే మధ్య అమెరికాకు చెందిన స్పైడర్ కోతి లీటరుకు సుమారు ఒక గ్రాము చక్కెరను కూడా గుర్తించగలదని చూపారు. అది ప్రధానంగా పండ్లమీద బ్రతికే కోతి. దాని నాలుక ఈ విషయంలో మన నాలుక కంటే చురుకైనది.

స్విట్జర్లాండ్‌కు చెందిన గ్లేజర్, స్వీడన్ వాసి హెల్లెకాంట్, వారి సహచరులు 1970 దశకం నుండి చేసిన పరిశీలనలు మరింత ఆశ్చర్యకరమైనవి. పశ్చిమ ఆఫ్రికా అడవులలో కటెంఫె అనే మొక్క ఉన్నది. దాని పండులో థామాటిన్ అనే మాంసకృత్తు ఉన్నది. బరువుకు బరువు లెక్కవేస్తే అది చక్కెర కంటే రెండు మూడు వేల రెట్లు తీయగా ఉంటుంది. 1978లో వారు ప్రకటించిన ఫలితం ఇది: ఆఫ్రికా, ఆసియా ఖండాల కోతులు, తోకలేని వానరాలు, మానవులు థామాటిన్‌ను తీపిగా గుర్తించారు, దక్షిణ అమెరికా కోతులకూ, దేవాంగపిల్లి తెగకు చెందిన ప్రాచీన ప్రైమేట్లకూ అందులో తీపి తెలియలేదు. ప్రయోగశాలలో పుట్టిన ఆస్పర్టేమ్ విషయంలో కూడా దాదాపు ఇదే గీత కనబడినది. 1965లో అమెరికా రసాయనవేత్త ష్లాటర్ కాగితం తీయబోయి వేలు తడి చేసుకొన్నప్పుడు యాదృచ్ఛికంగా తెలిసివచ్చిన పదార్థం అది. మనం తేనీటిలో వేసుకొనే ఆస్పర్టేమ్ గుళిక దక్షిణ అమెరికా మార్మోసెట్ కోతికి వట్టి నీటితో సమానం.

చక్కెర అన్ని కోతులకూ తీపియే. అయినను తాళం ఆకృతి వంశానికీ వంశానికీ కొంచెం మారినది. చక్కెర అనే పాత తాళంచెవి రెండింటిలోనూ తిరుగుతుంది. ఆస్పర్టేమ్ వంటి దొంగ తాళంచెవి ఒకదానిలోనే తిరుగుతుంది. ఆస్పర్టేమ్ అడవిలో లేదు కనుక దానికోసం ఏ కోతి నాలుకా మారలేదు. మరి దేనికోసమో మారిన తాళంలో అది తిరగడం కేవలం ఆకస్మికం. థామాటిన్ సంగతి అట్లా కాదు. అది ఆఫ్రికా మొక్క పండులో, ఆఫ్రికా వానరాల నోటికి అందే చోటనే ఉన్నది.

మొక్క ఎందుకు ఇట్లా చేయును? చక్కెర తయారీకి చెట్టు తన శక్తిని ఖర్చు చేయాలి. వేల రెట్లు తీయనైన మాంసకృత్తు రవంత ఉంటే చాలును – కూలి ఇవ్వకుండానే మోత జరిగిపోతుంది. దీనిని మోసమని పిలవవచ్చునో లేదో పాఠకులే నిర్ణయించాలి. మధ్య ఆఫ్రికాలోని పెంటాడిప్లాండ్రా అనే తీగ పండులో బ్రజైన్ అనే ఇటువంటి మాంసకృత్తు ఉన్నది. అది 54 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. చక్కెర కంటే 500 నుండి 2,000 రెట్ల తీపి. ఆ ప్రాంతంలోని ఫ్రెంచి భాషలో ఆ పండు పేరు 'మరపు' అనే అర్థం ఇచ్చేది: దానిని రుచి చూసిన పసిపిల్లలు తల్లిపాలను మరచిపోతారని అక్కడివారు అంటారు.

ఆ పండు పెరిగే అడవులలోనే గొరిల్లా కూడా ఉన్నది. 2016లో అమెరికా పరిశోధకులు పలు ప్రైమేట్ల తీపి జన్యువులను పోల్చి చూడగా, గొరిల్లా టి1ఆర్3లో, బ్రజైన్ అంటుకొనే చోట, ఇతర వానరాలలో లేని మార్పులు కనబడినవి. ఆ మార్పుల వలన గొరిల్లాకు బ్రజైన్ తీపి తెలియకపోవచ్చునని, శక్తి ఇవ్వని పండ్ల కోసం వృథాగా ప్రాకులాడకుండా ఆ వంశం తప్పించుకొన్నదని వారి ఊహ. ఊహయే అయినను బలమైన ఊహ. మొక్క దొంగ తాళంచెవి చేసినది. గొరిల్లా తాళం మార్చుకొన్నది. మానవుడు, చింపాంజీ మార్చుకొనలేదు.

ఇక మానవుని ఒప్పందం ఎంత పాతదో పుట్టిన బిడ్డ ముఖంలో చూడవచ్చును. జెరూసలేంకు చెందిన స్టైనర్ 1970 దశకంలో, ఇంకా ఒక్కసారి కూడా పాలు త్రాగని శిశువుల నాలుకపై రుచుల చుక్కలు వేసి, వారి ముఖాలను ఛాయాచిత్రాలలో నమోదు చేశారు. చేదుకు ముఖం ముడుచుకొన్నది. తీపికి ముఖం విచ్చుకొని, పెదవులు చప్పరించి, నాలుక బయటకు వచ్చినది. తరువాత ఆయనా గ్లేజరూ వానరాల పిల్లలలోనూ దీనిని పోల్చి చూశారు. మానవ శిశువుకు దగ్గరి బంధువులైన తోకలేని వానరాలలో ఆ ముఖకవళికలు మనవాటికి అతి దగ్గరగా ఉన్నవి. వంశవృక్షంలో దూరం పెరిగినకొద్దీ పోలిక తగ్గినది. ఇది ఎవరూ నేర్పిన విద్య కాదు. తల్లిపాలలో నూటికి సుమారు 7 పాళ్ళు లాక్టోజ్ అనే చక్కెర ఉన్నది; ఆవుపాలలో 5 పాళ్ళ లోపే. ఆ పాలను వెదుక్కొనే నాలుకతోనే శిశువు పుట్టును.

నాలుకయే కాదు, ప్రేవు కూడా సాక్షి. రుచి గ్రాహకాల వార్త మెదడుకు చేరకుండా చేసిన ఎలుకలు కూడా కొంతకాలానికి చక్కెర నీటినే ఎన్నుకొన్నవి. చక్కెర ప్రేవులో చేరినప్పుడు అక్కడి నుండి వేరొక నాడి మెదడుకు కబురు చేస్తుందని 2020లో వెల్లడి అయినది. కృత్రిమ తీపి పదార్థాలు నాలుకను నమ్మించగలవు గాని ప్రేవును నమ్మించలేవు. బరువు తగ్గడానికి అటువంటి పదార్థాలపై ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సలహా ఇచ్చినది.

పండ్లు ఏడాదిలో కొన్ని నెలలే దొరికే అడవిలో, చెట్టెక్కి కష్టపడితే గాని తీపి చిక్కని కాలంలో, 'దొరికినప్పుడు వదలవద్దు' అని నాలుక చెప్పిన మాట సత్యమే. ఆ నాలుక ఇప్పటికీ అదే చెబుతున్నది. మారినది అంగడి. తూనిక వేసి సంచులలో అమ్మే చక్కెరకు ఋతువు లేదు, ముల్లు లేదు, పీచు లేదు, గింజ లేదు. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో జరిగిన దేశవ్యాప్త పరిశీలన 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహ రోగులు ఉన్నారు. ఆ రోగానికి చక్కెర ఒక్కటే కారణం కాదు. వంశం, బరువు, శ్రమలేమి, తెల్లన్నం – అన్నీ ఉన్నవి. అయినను చిన్ననాటి తీపి ప్రభావం ఎంతటిదో బ్రిటన్ చరిత్ర వలన తెలిసినది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మొదలైన చక్కెర రేషన్ అక్కడ 1953 సెప్టెంబరులో ముగిసినది. ముగిసిన వెంటనే వాడకం దాదాపు రెట్టింపైనది. ఆ తేదీకి కొద్దిగా ముందు గర్భంలో ఉండి పుట్టినవారినీ, తరువాత వచ్చినవారినీ పెద్దవయసులో పోల్చిన పరిశీలన ఒకటి 2024లో వెలువడినది. గర్భంలోనూ, మొదటి రెండేండ్లలోనూ రేషన్ చక్కెరతో గడిపినవారికి మధుమేహం వచ్చే అవకాశం సుమారు 35 శాతం తక్కువగా ఉన్నది. రక్తపోటు సుమారు 20 శాతం తక్కువ. రెండేండ్ల లోపు పిల్లవాని నోట అన్న ప్రేమతో బిస్కత్తులు, సీసా పానీయాలు పెట్టే తాతయ్యలు, నానమ్మలు, దాదీలు, నానీలు ఈ లెక్కను ఒకసారి వినవలసి ఉన్నది.

మధుమేహం మాట వచ్చినచోట పొడపత్రి పేరు రాకుండా ఉండదు. మన అడవులలో, కంచెలమీద ప్రాకే తీగ ఇది. సంస్కృతంలో మధునాశిని, ఉర్దూలో గుడ్‌మార్, అనగా బెల్లాన్ని చంపేది. పేర్లు రెండూ రోగాన్ని గురించి కాక, రుచిని గురించి చెప్పినవే. ఒకటి రెండు ఆకులు బాగా నమిలి, రసం నాలుకంతటా ఆడించి, ఉమ్మి, నోరు పుక్కిలించి, చక్కెర వేసుకొని చూడవచ్చును. ఉప్పు ఉప్పగానే ఉంటుంది, పులుపు పుల్లగానే ఉంటుంది. చక్కెర మాత్రం ఇసుక పలుకు. శర్కర తన మొదటి అర్థానికి తిరిగి వచ్చినట్లు తోచును. అరగంట నుండి గంటలోగా తీపి మరల తెలియవచ్చును. ఈ గుణానికి కారణమైన పదార్థాన్ని మద్రాసు ప్రభుత్వ కొలువులో ఉదకమండలంలో పనిచేసిన రసాయనవేత్త డేవిడ్ హూపర్ 1887లో వేరుచేసి జిమ్నిమిక్ ఆమ్లమని పేరు పెట్టారు. అది టి1ఆర్3ను పట్టుకొని గ్రాహకాన్ని మొద్దుబారుస్తుందని తరువాతి పరిశోధనలు చూపినవి. నాలుకపై తీపి పోయినంత మాత్రాన రక్తంలోని చక్కెర పోయినట్లు కాదు. వైద్యుడిచ్చిన మందులు మాని ఈ ఆకును నమ్ముకొనడం ప్రమాదకరం.

ఈ ఆకు కూడా ప్రైమేట్ల నడుమ గీత గీసినది. జిమ్నిమిక్ ఆమ్లం మానవునిలోనూ, చింపాంజీలోనూ తీపిని అణచివేస్తుంది. మకాక్ కోతులలో అణచలేదు. అదే ఆకు నుండి జపాన్ శాస్త్రజ్ఞులు 35 అమైనో ఆమ్లాల మరొక పదార్థాన్ని వేరుచేసి, మన గుడ్‌మార్ పేరు మీదనే గుర్మారిన్ అన్నారు. అది ఎలుకల నాలుకపై తీపిని చంపుతుంది. మనపై దాని ప్రభావం లేదనదగినంత స్వల్పం. ఒకే ఆకులో రెండు తాళాలు: ఒకటి మనకూ చింపాంజీకీ, ఒకటి ఎలుకకు. మకాక్ కోతి మాత్రం ఆ ఆకు నమిలిన తరువాత కూడా చక్కెరను ఎప్పటివలె చప్పరించగలదు.